వెలివేసిన ఊరికి సభామందిరం కట్టిన పంతులు

రాజమహేంద్రవరంలో 1890లో కందుకూరి వీరేశలింగం పంతులు కట్టించిన టౌన్‌హాలుకూ, ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి పరిసర ప్రాంతాల ప్రజలకూ సంబంధమేమిటని నేటి పాఠకునికి సందేహం కలగవచ్చు. గోదావరికి ఆవలి గట్టున, వేరొక జిల్లాలో వెలసిన కట్టడమది. అయితే ఆ మందిరానికి పునాది పడిన నాటికి ఈ హద్దులు లేవు. 1859లో ఏర్పడిన గోదావరి జిల్లాలో ఏలూరు, తణుకు, భీమవరం, నరసాపురం తాలూకాలన్నీ అంతర్భాగాలే. కొల్లేరు రెండు జిల్లాల ఉమ్మడి సొత్తు. ఉత్తరపు గట్టున ఏలూరు గోదావరి జిల్లాలోను, కొల్లేటికోట ఉన్న కైకలూరు ప్రాంతం కృష్ణా జిల్లాలోను ఉండేవి. 1904లో ఏలూరు తదితర తాలూకాలు కృష్ణా జిల్లాలో కలిశాయి. 1925లో ఏలూరు కేంద్రంగా పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడింది. అప్పుడు విడిపోయిన కొల్లేటికోట, ఏలూరు మళ్ళీ ఒకే జిల్లా గొడుగు కిందికి వచ్చింది 2022లో ఏలూరు జిల్లా అవతరణతోనే.

అందుచేత 1890 నాటికి మన ప్రాంతవాసికి పెద్ద చదువన్నా, పెద్ద కోర్టన్నా రాజమహేంద్రవరమే. రైలు మార్గం ఇటు రావడానికి ఇంకా మూడేళ్ళ వ్యవధి ఉంది. గోదావరిపై రైలు వంతెన 1900లో గాని పూర్తి కాలేదు. ప్రయాణమంటే కాలువలో పడవే. విజ్జేశ్వరం నుంచి నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు చేరే కాలువ నాటి రాజమార్గం. సరుకులతో పాటు మనుషులనూ, ఉత్తరాలనూ, పత్రికలనూ, వాటితో పాటే కొత్త కొత్త తగవులనూ ఆ పడవలే మోసుకొచ్చేవి. అలా మోసుకొచ్చిన తగవులలో మిక్కిలి పెద్దది వితంతు వివాహం. దానికి కారకుడు వీరేశలింగం పంతులు.

ఆనకట్టతో పాటు పుట్టినవాడు

1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరంలో పున్నమ్మ, సుబ్బారాయుడు దంపతులకు వీరేశలింగం జన్మించారు. అప్పటికి ధవళేశ్వరం వద్ద ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ఆనకట్ట పనులు సాగుతున్నాయి. అది 1852లో పూర్తయింది. కరవు కాటకాలకు ఆలవాలమైన గోదావరి సీమ అన్నపూర్ణగా మారడానికి ఏ తరం సాక్షిగా నిలిచిందో ఆ తరం వారాయన. పొలాలకు నీరు వచ్చింది, ఇళ్ళకు ధాన్యం వచ్చింది, పిల్లలను ఇంగ్లీషు బడికి పంపే స్తోమత కొన్ని కుటుంబాలకు వచ్చింది. ఆచారాలు మాత్రం మునుపటి లాగే ఉన్నాయి. ఈ ఎగుడు దిగుడులోనే ఆయన జీవితమంతా నడిచింది.

పసితనంలోనే మశూచి సోకింది. నాలుగేళ్ళ వయసులో తండ్రి మరణించారు. పెదతండ్రి వెంకటరత్నం ప్రాపకంలో పెరిగారు. శరీర దారుఢ్యం లేదు, అనారోగ్యం జీవితాంతం వెన్నాడింది. 1861లో పదమూడో ఏట వివాహం జరిగింది. వధువు బాపమ్మకు అప్పటికి ఎనిమిదేళ్ళు. అత్తవారింట రాజ్యలక్ష్మి అనే పేరు పెట్టారు. బాల్య వివాహాలపై కత్తి దూసిన సంస్కర్తకు స్వయంగా జరిగినది బాల్య వివాహమే. ఆ కాలంలో మరొకలా జరిగే అవకాశమూ లేదు. ఆ ఇల్లాలు మాత్రం తరువాతి కాలంలో భర్తకు కుడిభుజమై నిలిచిన తీరు అపూర్వమైనది.

చదువు ముగిశాక కోరంగిలోను, పిమ్మట ధవళేశ్వరంలోను ఉపాధ్యాయ వృత్తి. ధవళేశ్వరంలో ఉండగానే 1874లో బాలికల కోసం పాఠశాల తెరిచారు. అదే సంవత్సరం వివేకవర్ధని పత్రికను ప్రారంభించారు. కోర్టులలోను, కచేరీలలోను వేళ్ళూనిన లంచగొండితనాన్ని, వేశ్యల మేళాలతో ఊరి పెద్దలు జరిపే వినోదాలను, ముసలి వరునికి పసిపిల్లను అమ్మే కన్యాశుల్కాన్ని ఆ పత్రిక ఎండగట్టింది. కొక్కొండ వెంకటరత్నం పంతులు వంటి పండితులు ఎదురు పత్రికలతో తలపడ్డారు. ఆ వాదాలలో అప్పుడప్పుడు శ్రుతి మించిన మాట కూడా ఉంది. ఎదుటివారిని హేళన చేయడంలో వీరేశలింగం ఎవరికీ తీసిపోయేవారు కారు. 1876లో హాస్యసంజీవని వెలువరించింది ఇందుకే. ఆయనను కేవలం శాంతమూర్తిగా చిత్రించే జీవిత చరిత్రలు ఆయనకు న్యాయం చేయడం లేదనే చెప్పాలి.

తరువాత రాజమహేంద్రవరంలోని ప్రభుత్వ విద్యాలయంలో తెలుగు పండితుడయ్యారు. 1878లో ప్రార్థన సమాజం స్థాపించారు. అదే కాలంలో రాజశేఖర చరిత్రము రచించారు. తెలుగు నవలకు అది తొలి అడుగుగా సాహిత్య చరిత్రకారులు పరిగణిస్తారు. 1887లో హచిన్‌సన్ అనే ఆంగ్లేయుడు దానిని ఇంగ్లీషులోకి అనువదించారు.

ఎవరో వేసిన పాకలో నాటకం

ఇన్ని పనులు తలపెట్టిన మనిషికి మాట్లాడేందుకు చోటు లేదు. ఈ సంగతిని జీవిత చరిత్రకారులు అంతగా పట్టించుకోలేదు. నాటి పట్టణాలలో నలుగురూ కూడేందుకు స్థలాలు లేవని కాదు. దేవాలయ మండపాలున్నాయి, సత్రాలున్నాయి, జమీందార్ల చావడులున్నాయి, అగ్రహారాల అరుగులున్నాయి. అయితే వీటిలో ప్రతి ఒక్కదానికీ ఒక యజమాని ఉన్నాడు, ఒక కట్టుబాటు ఉంది. పురాణ కాలక్షేపానికి పనికివచ్చే మండపం వితంతు వివాహం శాస్త్రసమ్మతమని వాదించే ఉపన్యాసానికి పనికిరాదు. కులానికి ఒక చావడి, వీధికి ఒక అరుగు. ఊరందరికీ కలిపి ఒక చోటు లేదు. మిగిలినవి పాఠశాలల గదులు, మిత్రుల ఇళ్ళు. అవీ నాలుగు రోజులే. ఊరి పెద్దల కన్నెర్రబడితే తలుపులు మూతబడతాయి.

ఇందుకు ఒక ఉదాహరణ నాటక చరిత్రలో ఉంది. 1880లో ధార్వాడ నాటక సమాజం వారు రాజమహేంద్రవరం వచ్చి పాక వేసి ప్రదర్శనలిచ్చి వెళ్ళారు. వారు విడిచి వెళ్ళిన పాకలోనే వీరేశలింగం తన విద్యార్థులను కూర్చి చమత్కార రత్నావళిని ఆడించారు. షేక్స్‌పియర్ రాసిన ఒక హాస్య నాటకానికి ఆయనే చేసిన తెలుగు సేత అది. ఆధునిక తెలుగు నాటక ప్రదర్శనకు ఆద్యమని చెప్పుకునే ఘట్టాలలో ఒకటి పరాయి ప్రాంతం వారు వదిలి వెళ్ళిన తాటాకుల నీడన జరగడం గమనించదగినది. నాటకాలంటే నేడు ఏలూరు వై.ఎం.హెచ్.ఎ. హాలు వంటి వేదికలు గుర్తుకు వచ్చే మనకు ఆ పరిస్థితి ఊహించడం కష్టమే. కందుకూరి జయంతి అయిన ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నారు.

1881 డిసెంబరు 11

వితంతు పునర్వివాహాన్ని అనుమతించే చట్టం 1856లోనే వచ్చింది. బెంగాల్‌లో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు అందుకు కృషి చేశారు. తెలుగునాట ఆ చట్టం పాతికేళ్ళ పాటు కాగితం మీదనే ఉండిపోయింది. 1879లో వీరేశలింగం ఈ విషయమై ఉపన్యాసాలు మొదలుపెట్టారు. శాస్త్ర ప్రమాణాలు చూపి వాదించారు. పండితులు ప్రతివాదాలు చేశారు, కరపత్రాలు వెలువడ్డాయి, వీధులలో ఘర్షణలు జరిగాయి. ఆయన విద్యార్థులు వెంట నడిచి రక్షణగా నిలిచారు.

మాటల దశ ముగిసి 1881 డిసెంబరు 11 రాత్రి రాజమహేంద్రవరంలో ఆయన ఇంటనే తొలి వివాహం జరిగింది. వరుడు గోగులపాటి శ్రీరాములు. వధువు గౌరమ్మ కృష్ణా జిల్లాకు చెందిన బాల వితంతువు. పోలీసు బందోబస్తు మధ్య పెళ్ళి జరిగిందంటే ఊరు ఎంత ఉడికిపోయిందో గ్రహించవచ్చు. నాలుగు రోజుల వ్యవధిలో రెండవ వివాహమూ జరిగింది.

తరువాత వచ్చింది వెలి. ఈ మాటను నేడు మనం తేలికగా అనేస్తాం. నాటి బ్రాహ్మణ గృహస్థుకు అది ప్రాణం తీయకుండా తీసినంత పని చేసే శిక్ష. పురోహితుడు గడప తొక్కడు. బంధువుల ఇంట శుభానికి పిలుపు రాదు, అశుభానికి నలుగురు రారు. వంట బ్రాహ్మణుడు పని మానేస్తాడు. నీళ్ళు తెచ్చేవారు మానేస్తారు. పెళ్ళికి హాజరై తాంబూలం అందుకున్న మిత్రులలో పలువురు ఒత్తిడికి లొంగి ప్రాయశ్చిత్తాలు చేయించుకున్నారు. వారిని తప్పుపట్టడం సులభం. ఇంట ఎదిగిన ఆడపిల్లలున్న తండ్రికి వెలి అంటే ఏమిటో ఆలోచిస్తే అంత సులభం కాదు.

ఆ దినాలలో రాజ్యలక్ష్మమ్మ స్వయంగా గోదావరి నుంచి నీళ్ళు మోసుకొచ్చి వండి వార్చారు. కొత్త దంపతులకు, ఆశ్రయం కోరి వచ్చిన వితంతువులకు ఆమె తల్లి అయ్యారు. కాన్పులు, జబ్బులు, అలకలు, కలహాలు అన్నీ ఆమె మీదనే పడ్డాయి. సభలలో మాట్లాడింది భర్త. ఆ సంస్కరణను వంటింట్లో నిలబెట్టింది భార్య. వారి ఇంట సంతానం లేదు, ఇల్లు ఎన్నడూ ఖాళీగానూ లేదు. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య వేలాది రూపాయల విరాళంతో ఆదుకోకపోతే ఆ తొలి సంవత్సరాలు గడిచేవి కావు. ఆయన ఇచ్చిన పది వేల రూపాయలు ఒక పండితుని జీతంతో పోల్చితే ఎంత మొత్తమో చెప్పనక్కరలేదు. మొత్తం మీద వీరేశలింగం జరిపించిన వితంతు వివాహాలు నలభై దాకా ఉంటాయని అంచనా. సొమ్ముకు, ఉద్యోగానికి ఆశపడి పెళ్ళికి ఒప్పుకున్న వరులూ వారిలో లేకపోలేదన్న విమర్శ ఆనాడే వినవచ్చింది.

రెండు మందిరాలు

1887లో రాజమహేంద్రవరంలో బ్రహ్మమందిరం నిర్మించారు. ఏకేశ్వరారాధన చేసే తన మతానుయాయుల కోసం కట్టినదది. అంతటితో ఆగి ఉంటే ఆయనకొక గూడు అమరినట్టే. ఊరు వెలివేసింది, తనవారితో తాను వేరుగా కూర్చుని ప్రార్థన చేసుకుంటున్నాడు అని లోకం కూడా ఊరుకునేది. చరిత్రలో చాలామంది సంస్కర్తల కథ ఇలాగే ముగిసింది. ఊరి నుంచి విడిపోయి చిన్న సమాజంగా మిగిలిపోయారు.

ఆయన అక్కడ ఆగలేదు. మూడేళ్ళ తరువాత, 1890లో, తన సొమ్ము వెచ్చించి పురమందిరం కట్టించారు. అదే టౌన్‌హాలు. పేరులోనే విశేషమంతా ఉంది. అది బ్రహ్మ సమాజం మందిరం కాదు, వితంతు వివాహ సమాజం కార్యాలయం కాదు, పంతులుగారి చావడి కాదు. పురానిది. తొమ్మిదేళ్ళ క్రితం తన పొయ్యిలో నిప్పు, కుండలో నీరు లేకుండా చేయజూసిన పురజనులే ఆ పురం.

ఇంగ్లండులో టౌన్‌హాలు అంటే ముఖ్యంగా పురపాలక సంఘం కొలువుండే భవనం. మన దేశంలో ఆ మాట సభలు, ఉపన్యాసాలు, నాటకాలు జరిగే బహిరంగ మందిరానికి స్థిరపడింది. ఇక్కడ మునిసిపల్ కచేరీ వేరు, టౌన్‌హాలు వేరు. రాజమహేంద్రవరం, ఏలూరు రెండూ 1866లోనే పురపాలక సంఘాలయ్యాయి. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలన తీర్మానం, ఆ వెంట 1884 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం వచ్చాక పట్టణాలలో ఎన్నికల ఊసు మొదలైంది. ఓటు అడగాలంటే మాట్లాడాలి, మాట్లాడాలంటే చోటు కావాలి. మద్రాసులో 1880వ దశకంలో విక్టోరియా పబ్లిక్ హాలు లేచింది. మహారాజుల, జమీందార్ల, వర్తకుల చందాలు అందుకు తోడ్పడ్డాయి. విక్టోరియా రాణి పేరు పెట్టారు. అది రాజధాని నగరం సంగతి. ఆ వెనువెంటనే గోదావరి ఒడ్డున ఒక తెలుగు పండితుడు తన ఊరికి ఏ రాణి పేరూ లేని మందిరం కట్టించడం వేరే సంగతి.

ఆయనకు జమీందారీ లేదు. పండితుని జీతం, పాఠ్యపుస్తకాల మీద వచ్చే రాబడి, అచ్చుకూటం, ఇవే ఆధారం. అందులోనే బాలికల బడి, వితంతు శరణాలయం, పత్రికలు, పెళ్ళిళ్ళు. సంపాదించిన దానిని రాళ్ళుగా, ఇటుకలుగా మార్చి ఊరికి ఇవ్వడం ఆయన స్వభావంలో ఒక భాగం. మాట గాలిలో కలిసిపోతుందని ఉపన్యాసకుడైన ఆయనకు తెలిసినంతగా మరెవరికీ తెలియకపోవచ్చు.

యువతరానికి వేదిక

పురమందిరం వెలసిన కాలం రాజమహేంద్రవరానికి స్వర్ణయుగం వంటిది. తణుకు సమీపంలోని ఖండవల్లిలో 1867లో పుట్టిన చిలకమర్తి లక్ష్మీనరసింహం నరసాపురంలో చదువుకుని అక్కడికి చేరుకున్నారు. ఆయన గయోపాఖ్యానం నాటకం రాజమహేంద్రవరంలోనే పుట్టి ఆంధ్రదేశమంతటా మారుమోగింది. ఆ నాటకాలలో వేషాలు కట్టిన కుర్రవాడు టంగుటూరి ప్రకాశం అనంతర కాలంలో ఆ పట్టణానికి పురపాలక సంఘాధ్యక్షుడు, ఆపై ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. న్యాయవాది న్యాపతి సుబ్బారావు నెలకొల్పిన చింతామణి పత్రికకు వీరేశలింగం సంపాదకత్వం వహించారు. ఆ పత్రిక నిర్వహించిన నవలల పోటీలు తెలుగు నవలకు నడక నేర్పాయి. నాళం కృష్ణారావు పిన్న వయసులోనే వీరేశలింగం పేరిట పుస్తక భాండాగారం నెలకొల్పారు. అది వసురాయ గ్రంథాలయంతో కలిసి నేటి గౌతమీ గ్రంథాలయమైంది. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ వచ్చి వందేమాతరం ఉద్యమ జ్వాల రగిల్చినప్పుడు ఆ పట్టణ యువకులకు సభ అంటే, ఉపన్యాసమంటే కొత్త కాదు. పదిహేనేళ్ళకు పైగా వారు ఆ విద్యలో తర్ఫీదు పొంది ఉన్నారు.

ఇక్కడొక విచిత్రం. రాజకీయోద్యమ నాయకులకు వీరేశలింగం పట్ల అంత మోజు లేదు. 1893లో ప్రభుత్వం నుంచి రావు బహదూర్ బిరుదు పొందిన వ్యక్తి ఆయన. ముందు సంఘం బాగుపడాలి, ఆపైన రాజ్యం అన్నది ఆయన పట్టు. ముందు రాజ్యం రావాలన్నది కొత్త తరం పట్టు. ఈ తగవు తేలలేదు.

చివరి సంవత్సరాలు

1898లో మద్రాసులో జరిగిన సంఘ సంస్కరణ మహాసభకు ఆయన అధ్యక్షత వహించారు. మహాదేవ గోవింద రనడే ఆయనను దక్షిణాది విద్యాసాగరునిగా శ్లాఘించారు. 1899లో ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితునిగా చేరి కొన్నేళ్ళు మద్రాసులో గడిపారు. మనసు మాత్రం రాజమహేంద్రవరం మీదనే. 1906లో హితకారిణీ సమాజం స్థాపించి, తమ యావదాస్తినీ దానికి ధారాదత్తం చేశారు. పాఠశాల, వితంతు శరణాలయం తదితర సంస్థలు తన అనంతరం నిలవాలంటే వాటికి ఆస్తి, చట్టబద్ధమైన యాజమాన్యం కావాలని ఆయన గుర్తించారు. ఆదర్శవాదులలో ఇంత లెక్క తెలిసినవారు అరుదు.

1910 ఆగస్టులో రాజ్యలక్ష్మమ్మ మరణించారు. దాదాపు యాభై ఏళ్ళ దాంపత్యం. ఆ దెబ్బ నుంచి ఆయన పూర్తిగా తేరుకోలేదు. 1911లో స్వీయచరిత్రము మొదటి భాగం, 1915లో రెండవ భాగం వెలువడ్డాయి. తెలుగు వచనంలో ఆత్మకథకు అది ఒరవడి దిద్దింది. తన విజయాలను, కోర్టు వ్యవహారాలను, మిత్రుల ద్రోహాలను, తన కోపతాపాలను కూడా అందులో దాచలేదు.

భాష విషయంలో ఆయన చివరి మలుపు మరీ ఆసక్తికరం. తొలినాళ్ళలో కఠిన గ్రాంథికంతో ప్రారంభించిన వారు నానాటికీ సులభ వచనానికి వచ్చారు. 1919లో గిడుగు రామమూర్తి ప్రభృతులు వ్యావహారిక భాషకై రాజమహేంద్రవరంలో సమాజం నెలకొల్పినప్పుడు అధ్యక్ష స్థానం స్వీకరించారు. డెబ్బై ఏళ్ళు పైబడి, ఆరోగ్యం క్షీణించి, కొత్త పోరాటానికి పేరు ఇచ్చారు. ఆ పోరాటం చూడటానికి ఆయనకు మూడు నెలలు కూడా మిగలలేదు.

1919 మే 27న మద్రాసులో వీరేశలింగం కన్నుమూశారు. ఆంధ్ర కవుల చరిత్రము సవరణ పనిలో ఉండగానే మరణం సంభవించింది. భార్యాభర్తల సమాధులు రాజమహేంద్రవరంలోనే ఉన్నాయి. వంకాయలవారి వీధిలో ఆయన పుట్టిన ఇల్లు స్మారక మందిరమైంది. 1974లో తపాలా శాఖ ఆయన స్మృత్యర్థం బిళ్ళ విడుదల చేసింది. హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద విగ్రహముంది. పురమని పేరు పెట్టి ఆయన ఊరికి ఇచ్చిన మందిరాన్ని ఆ ఊరివారు కందుకూరి వీరేశలింగం టౌన్‌హాలు అని పిలుచుకున్నారు.